పొగగొట్టం పక్కన నిలబడిన మనిషి

మా నాయన దగ్గర ఒక బొమ్మ కార్డు ఉండేది. పోస్టుకార్డు సైజు అట్ట. దాని మీద ఒక యుద్ధపు బోటు ఫోటో. 1914లో మొదలైన ఆ పెద్ద యుద్ధంలో నాయన అరబ్బు దేశపు బస్రా బజారులో కొన్నాడు దాన్ని. రాసి పంపడానికి ఆయనకు చదువు రాదు కాబట్టి వెనకవైపు ఖాళీగానే ఉండిపోయింది. ముందువైపు అడుగున బోటు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చయి ఉండేది. ఆ పేరు నాకు ఇప్పటికీ గుర్తుంది. కానీ ఇక్కడ రాయను. ఆ బోటు కడుపులో బొగ్గేసి చచ్చిన మనుషుల పేర్లు ఎవరూ ఎక్కడా రాయలేదు. దాని పేరు మాత్రం నేనెందుకు రాయాలి?

మా ఊరు మార్కాపురానికి నాలుగు కోసుల దూరం. జొన్న, సజ్జ, ఆముదం పండే మెట్ట నేల. వానలు లేని ఏడు మగవాళ్లు కూలికి పలకరాతి గనులకో, రైలు దారికో పోయేవాళ్లు. అట్లా ఒక ఏడు మా నాయన, ఆయన స్నేహితుడు ఇద్దరూ గిద్దలూరు స్టేషనులో రైలు ఇంజన్లకు బొగ్గెత్తే పనిలో చేరారు. ఆ స్నేహితుణ్ణి నేను మామ అనేవాణ్ణి. ఆయన భార్య నాకు అత్త. రక్త సంబంధం లేదు, కానీ మా ఇంట్లో ఆమెకు ఆడబిడ్డ మర్యాద జరిగేది.

గిద్దలూరులోనే ఒక మనిషి వచ్చి వాళ్లను అడిగాడట. కొలిమి వేడికి తట్టుకునేవాళ్లు కావాలి, బొంబాయిలో పని, అని. వేలిముద్రలు వేయించుకున్నాడు. బొంబాయిలో రైలు దించి ఓడ ఎక్కించారు. అది ఎక్కడికి పోతుందో నడిసముద్రంలో గానీ వీళ్లకు తెలియలేదు. అప్పటికి నాకు మూడేళ్లు.

నాకు ఏడేళ్లు వచ్చాక నాయన ఒక్కడే తిరిగి వచ్చాడు. కుడిచెయ్యి మోచేతి దాకా కాలి, తోలు ముడతలు పడి మెరుస్తూ ఉండేది. ఒక చెవి పనిచెయ్యదు. వచ్చిన దినమే అత్త ఇంటికి పోయి, "అమ్మా, మా బావ లేడు. గుండు తగిలింది. నొప్పి కూడా తెల్లేదు. నిలబడినోడు నిలబడినట్లే పోయినాడు" అని చెప్పాడట. ఇంతకు మించి ఒక్క మాట కూడా ఆమెతో అనలేదు, మాతోనూ అనలేదు.

అత్త బావగారు, అంటే మామకు స్వయానా అన్న, ఆ మాట ఒప్పుకోలేదు.

"సర్కారు కాగితం యాడుంది?" అన్నాడు. "మా తమ్ముడు చచ్చినాడని సర్కారు చెప్పల్ల. నువ్వెవరు చెప్పేదానికి?"

ఆ మాటలో తమ్ముడి మీద ప్రేమ ఉందని కొందరన్నారు. అబద్ధం. మామ ఊరు విడిచి పోకముందే అన్నదమ్ములిద్దరూ భూములు పంచుకున్నారు. మామ భాగానికి నాలుగెకరాల చేను వచ్చింది. తమ్ముడు వచ్చేదాకా చూసుకుంటానని ఆ చేను సాగు చేసుకుంటున్నది ఈయనే. తమ్ముడు చచ్చాడని తేలితే పట్టా అత్త పేరు మీదికి మారుతుంది. తేలనంతకాలం చేను ఈయన చేతిలో ఉంటుంది. కరణం కూడా అదే పాట పాడాడు, చావు కాగితం లేనిదే పట్టా మార్చేది లేదని. మెడలో తాళి తియ్యనియ్యలేదు, కర్మకాండ చెయ్యనియ్యలేదు. అత్త అటు పునిస్త్రీ కాదు, ఇటు విధవ కాదు. తన మొగుడి చేనులోనే కూలి మనిషిలా కలుపు తీసింది. పదహారేళ్లు.

అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చేది. చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, "అన్నా, అదొకసారి ఇయ్యి" అనేది. నాయన పెట్టె తెరిచి కార్డు ఇచ్చేవాడు.

ఫోటోలో బోటు అడ్డంగా కనబడుతుంది. అడుగు చదునుగా, నీళ్ల మీద పలకలాగా తేలుతుంటుంది. ముందొక ఫిరంగి, వెనకొక ఫిరంగి. నడుమ పొగగొట్టం. ముందువైపు తెల్లబట్టల్లో తెల్లవాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు. ఫోటో తీసే వేళకు బాయిలరు గదిలో నుంచి గాలి పీల్చుకోవడానికి ఇద్దరు పైకి వచ్చారు. ఒకడి ముఖం తాడు చాటున పడింది. అది మా నాయన. రెండోవాడు పొగగొట్టం పక్కన తలగుడ్డతో నిలబడి సూటిగా చూస్తున్నాడు. ముఖం జొన్నగింజంత ఉంటుంది. అయినా కళ్లు, ముక్కు, మీసం తెలిసేవి. మామకు ఈ లోకంలో ఉన్న ఫోటో అదొక్కటే. అత్త దాన్ని వెలుగుకు తిప్పి చూసేది. ఏమీ అడిగేది కాదు. చూసి ఇచ్చేసి కలుపుకు పోయేది.

నేను ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసై, ట్రైనింగు ముగించి, బోర్డు స్కూల్లో మాస్టరుగా చేరాను. మా ఊరికి ఇంగ్లీషులో అర్జీ రాయగల మనిషి దొరికాడు. అత్త అడగకముందే నేను మొదలుపెట్టాను. తాలూకా కచ్చేరికి రాశాను, కర్నూలుకు రాశాను, మద్రాసుకు రాశాను. పంపిన అర్జీల్లో నాలుగైదింటికి జవాబు వచ్చింది. అన్నిట్లో ఒకటే మాట. సదరు మనిషి సదరు నౌకలో పనిచేసినట్టు రుజువు చూపించవలెను.

ఆ చలికాలం ఒక తెల్లదొర, సబ్ కలెక్టరు, మార్కాపురం ముసాఫరు బంగళాలో క్యాంపు వేశాడు. ఆ దొర అన్న నౌకాదళంలో చేశాడనీ, దొరకు ఓడల బొమ్మలంటే పిచ్చి అనీ బంట్రోతు నాతో చెప్పాడు. ఇంతకంటే మంచి అదను ఉంటుందా అనుకున్నాను. ఆ తెలివికి నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను. నాయన్ను, అత్తను బండిలో తీసుకుపోయాను. కార్డును కొత్త గుడ్డలో చుట్టి నాయన ఒళ్లో పెట్టుకున్నాడు.

అత్త గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చుంది. నేను, నాయన వరండా మీదికి పోయాం. అర్జీ అందిస్తే దొర మొదటి నాలుగు లైన్లు చూసి పక్కన పెట్టాడు. కార్డు ఇచ్చేసరికి మనిషే మారిపోయాడు. లేచి నిలబడ్డాడు. ఎండలోకి తీసుకుపోయి చూశాడు. లోపలి నుంచి ఒక లావుపాటి పుస్తకం తెప్పించాడు.

ఇక మొదలుపెట్టాడు ఆ బోటు చరిత్ర. దాన్ని వాళ్ల దేశంలో ముక్కలు ముక్కలుగా చేశారట. పెట్టెల్లో సర్ది సముద్రం దాటించి, నది ఒడ్డున మళ్లీ రివిట్లు కొట్టి అతికించారట. మూడడుగుల లోతు నీళ్లుంటే చాలట, పెద్ద ఓడలు పోలేని చోటికంతా పోయేదట. ఏ నెలలో ఏ ఊరి మీద ఫిరంగులు పేల్చిందీ, ఎన్నిసార్లు ఇసుకలో దిగబడిందీ, ఎవరెవరికి ఏ పతకాలు వచ్చిందీ అన్నీ వేలు పెట్టి చదివాడు. ఒక దినం శత్రువు గుండు సూటిగా వచ్చి దాని బాయిలరులో పడిందట. బోటు కదల్లేక శత్రువుల చేతికి చిక్కిందట. ఏడాది తర్వాత దాన్ని తిరిగి గెలుచుకున్నారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం తప్పిపోయిన బిడ్డ దొరికినట్టు వెలిగిపోయింది.

నేను ఒక్కొక్క ముక్క తెలుగు చేసి నాయనకు చెబుతూ ఉన్నాను. బాయిలరు దగ్గరకు వచ్చేసరికి నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ దినం ఎంతమంది చచ్చినారని రాసినారో అడుగు."

అడిగాను. దొర పుస్తకంలో చూశాడు. సిబ్బందిలో ప్రాణనష్టం లేదు అని చదివాడు. అదృష్టం, అన్నాడు.

నాయనకు చెప్పాను. ఆయన కాసేపు నా ముఖం చూశాడు, నేను తప్పు చెప్పానేమో అని. తర్వాత అన్నాడు, "ముగ్గురు. బొగ్గు పనోళ్లము ఆరుగురం ఉంటిమి. ముగ్గురు చచ్చినారు. ఆ పుస్తకం రాసినోడు బాయిలరు గదిలోకి దిగినాడా అని అడుగు. దిగుంటే చచ్చినోళ్ల తోలు వాని చెప్పులకు అంటుకోని ఉంటుంది అని చెప్పు."

నేను అది అడగలేదు.

ఏమన్నానో ఒక్కొక్క మాటా గుర్తుంది. అయ్యా, ఎక్కడో చిన్న పొరపాటు జరిగి ఉండవచ్చునని మా తండ్రి వినయంగా మనవి చేసుకుంటున్నాడు, అన్నాను. వినయం! నాయన కాలిన చేత్తో కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాడు. నేనేమో ఇంగ్లీషులో తలవంచుతున్నాను. ఎందుకు? నా ఉద్యోగం పోతుందనా? అది కూడా కాదు. దొర ఎదుట ఇంగ్లీషు తప్పు లేకుండా మాట్లాడుతున్నానన్న సంబరం. అంతే.

దొర, విచారిస్తాను, అన్నాడు. కార్డు నా దగ్గర ఉంచవచ్చునా, విచారణకు పనికొస్తుంది, అన్నాడు. నాయన వైపు తిరగను కూడా తిరగకుండా, తప్పకుండా అయ్యా, అనేశాను. దొర కార్డును పుస్తకంలో పెట్టి మూశాడు.

మెట్లు దిగాక నాయన అడిగాడు. "కార్డు యాడ?"

"దొర విచారణకు ఉంచుకున్నాడు నాయనా. పంపిస్తాడు."

"నన్నడిగినావా?"

నేను ముందుకు నడిచాను. వేపచెట్టు కింద అత్త లేచి నిలబడి నాయన చేతుల వైపు చూసింది. ఖాళీ గుడ్డ కనబడింది. "పని అయితాదంట లేమ్మా" అన్నాడు నాయన. ఆమె నమ్మింది. దారి పొడుగునా బండిలో నవ్వుముఖంతో కూర్చుంది. అది తలచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపటా కొరుక్కుంటాను.

మూడు నెలలకు కవరు వచ్చింది. పెద్ద కవరు. చేతికి బరువు తగిలేసరికి కార్డు లోపల ఉందనుకున్నాను. చించి చూస్తే మిషను మీద కొట్టిన కాగితాలు రెండు. పైన బోటు పేరు. దాని పొడవు, వెడల్పు, ఫిరంగుల కొలతలు, ఎవరెవరి ఆధ్వర్యంలో ఎన్నాళ్లు పనిచేసిందీ, చివరకు యుద్ధం ముగిశాక ఏ వర్తకుడికి అమ్మేశారో, అన్నీ ఉన్నాయి. ప్రాణనష్టం లేదు అన్న మాట కూడా ఉంది. దాని కింద ఒక లైను. కూలికి తీసుకున్న బొగ్గు పనివాళ్లు నౌకా సిబ్బందిలో చేరరు గనుక వాళ్ల పట్టీ ఉంచబడలేదు. వేరే చీటీలో దొర సొంత చేతిరాత. ఇంత చక్కని ఫోటో ఇచ్చినందుకు కృతజ్ఞతలు, తన సేకరణలో దానికి మంచి చోటు దొరికింది, అని.

కచ్చేరికి పరుగెత్తాను. దొరకు బదిలీ అయిందన్నారు. ఎక్కడికంటే మద్రాసన్నారు, ఇంకొకడు ఇంగ్లీషు సీమకే వెళ్లిపోయాడన్నాడు. ఉత్తరం మీద ఉత్తరం రాశాను. మొదటి ఉత్తరాల్లో దయచేసి అని రాశాను. తర్వాతి వాటిలో ఆ మాట మానేశాను. చివరిదానిలో దొంగ అని రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు.

కవరు వచ్చిన దినమే ఆ కాగితాలు చదివి వినిపించాను. మా వసారాలో నాయన మంచం మీద, అత్త గడప పక్కన. ఈసారి ఏదీ మెత్తబరచలేదు. ఉన్నది ఉన్నట్టు తెలుగు చేశాను. చదవడం అయ్యాక అత్త అడిగింది.

"అబ్బాయ్, ఆ ఇనుప దానికి రెండు కాగితాలు రాసినారా?"

"అవునత్తా."

"దాని పొడుగు కూడా రాసినారా?"

"రాసినారు."

"మీ మామ?"

"లేడు."

"బొమ్మ?"

నేను ఖాళీ కవరు తిప్పి చూపించాను. ఆమె ఏడవలేదు. నన్ను తిట్టినా బాగుండేది. లేచి కొంగు దోపుకుంది. "అన్నా, తొలకరి పడితే నీ ఎద్దులు ఒకపూట ఇయ్యి" అంది. నాయన ఎందుకని అడగలేదు. "తోలుకోని పో" అన్నాడు.

తొలకరి పడిన మర్నాడు పొద్దున్నే అత్త మా ఎద్దులతో ఆ నాలుగెకరాల్లోకి దిగింది. సేద్యగాడు ఎవడూ ఆమెకు మడక పట్టడానికి రాలేదు, ఆమె బావగారి భయానికి. ఆమే పట్టింది. మా వైపు ఆడవాళ్లు మడక పట్టి దున్నరు. చాళ్లు వంకర టింకరగా పోతున్నాయి. నేను పట్టబోతే, "నువ్వు గట్టు మీద నిలబడు" అంది.

రెండు చాళ్లయినా తిరగకముందే ఆమె బావగారు ఇద్దరు కొడుకులతో వచ్చాడు. చేతిలో ఎద్దుల్ని అదిలించే చిల్లకోల.

"ఎవరి చేను దున్నుతాండావే?"

అత్త మడక ఆపలేదు. "నా మొగునిది."

"వాడు వచ్చినంక చూద్దాం. దిగు."

అప్పుడు ఆపింది. "వచ్చినంక అంటివి కదా. బతికున్నాడా? అయితే పిలుచుకోని రా. ఆయన చెప్తే దిగుతా. నువ్వు చెప్తే దిగను. ఆయన బతికుంటే ఇది ఆయన చేను, నేను ఆయన పెండ్లాన్ని. చచ్చిపోయుంటే ఇది నాది. రెండిట్లో నీది ఎట్లయితాదో చెప్పు బావా."

ఆయన కొడుకుల వైపు చూశాడు. చుట్టుపక్కల చేలల్లో పనివాళ్లు నిలబడి చూస్తున్నారు. కోల ఎత్తి కొట్టడానికి ధైర్యం చాలక, చావిడికి రమ్మని అరిచి పోయాడు.

ఆ ఉదయమే చావిడిలో ఊరంతా చేరింది. కరణం, మునసబు అరుగు మీద కూర్చున్నారు. అత్త అడిగిన ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు కాబట్టి ఆమె బావగారు దారి మార్చాడు. మా నాయన వైపు వేలు చూపించాడు.

"ఈయప్ప మాట ఎట్ల నమ్మేది? ఇద్దరు పోతే ఒక్కడే వచ్చినాడు. మా తమ్ముణ్ణి అక్కడ విడిచిపెట్టి పారిపోయి రాలేదని ఎవరికి తెలుసు?"

నాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. లేచాడు. పైపంచె తీసి కాలిన చెయ్యి బయటపెట్టాడు. ఆ గొంతు నేను అంతకుముందెప్పుడూ వినలేదు.

"వినండి అయితే. గుండు తగిలి చచ్చినాడని చెప్పినా. అది అబద్ధం. గుండు బాయిలరుకు తగిలింది. నేను బూడిద పారబోసేదానికి పైకి ఎక్కింటి. ఆవిరి వచ్చింది. నిప్పు కాదు, ఆవిరి. ఇనుప మూత తీసి చెయ్యి లోపలికి పెట్టి లాగినా. మా బావ చెయ్యి దొరికింది. పట్టుకుంటే తోలు నా చేతికి వచ్చింది. ఇద్దరు అక్కడే పోయినారు. మా బావ రెండు దినాలు ఉన్నాడు. ఇంకో పడవలోకి మార్చినారు. డాక్టరు తెల్లోళ్ల పడవలో ఉన్నాడు, మా దాంట్లోకి రాలేదు. రెండు దినాలు నీళ్లు, నీళ్లు అన్నాడు. గుడ్డ తడిపి పెదాల మీద పిండితే పెదాలు కూడా ఊడొచ్చినాయి. చంపెయ్యి బావా అన్నాడు. నాకు చాత కాలేదు. నది ఒడ్డున ఇసుకలో పూడ్చినా. ఆ వారమే నది పొంగింది. ఇంక ఆ చోటు కూడా లేదు. చాలా? ఇంకా సాక్ష్యం కావాల్నా?"

అత్త బావగారు తల దించి నేల చూస్తూ నిలబడ్డాడు. కరణం గొంతు సవరించుకుని, సాగు ఆమె పేరున రాస్తాననీ, పట్టా మార్పుకు పైకి పంపుతాననీ అన్నాడు. ఇంత సులువా? ఈ రెండు మాటలు పదహారేళ్ల ముందు అనడానికి ఏం అడ్డం వచ్చింది? నాలుగెకరాల మెట్ట కోసం మనిషి తన గుండెలో పూడ్చుకున్నదాన్ని తవ్వి ఊరి ముందు పొయ్యాలా? నేను కరణాన్ని ఆ మాట అడిగాను. గట్టిగానే అడిగాను. నలుగురు పట్టుకుని బయటకు తెచ్చారు.

అత్త స్తంభం పక్కన నిలబడి అంతా విన్నది. నాయన ఆమె దగ్గరకు పోయాడు. "అమ్మా" అన్నాడు.

"నొప్పి తెల్లేదంటివి" అంది ఆమె.

"నువ్వు తట్టుకోలేవని..."

"తట్టుకునేది నేను కదా అన్నా. నువ్వు ఎవరు తీర్మానం చేసేదానికి? పదారేండ్లు ఆయన సుఖంగా పోయినాడు అనుకోని అన్నం తిన్నా. ఒక్క పొద్దన్నా ఆయన కోసం సరిగ్గా ఏడ్చనియ్యకపోతివి."

ఆమె మా ఎద్దులను తోలుకొచ్చి మా కొట్టంలో కట్టేసి పోయింది. ఆ సాయంత్రం తన చేత్తో తనే తాళి తీసి గూట్లో పెట్టుకుంది. ఎవరినీ రమ్మనలేదు. ఆ తర్వాత రెండేళ్లు మా గడప తొక్కలేదు. నాతో మాట్లాడేది, మా అమ్మతో మాట్లాడేది. నాయన ఎదురైతే పక్కకు తప్పుకునేది. "ఆమె కోపం న్యాయమే" అనేవాడు నాయన. ఆ దొర మీద మాత్రం ఆయన ఒక్క మాట అనేవాడు కాదు. నా మీద కూడా అనలేదు. నా కోపం అంతా నా దగ్గరే మిగిలిపోయింది.

మరుసటి ఏడు రెవెన్యూ లెక్కలు చూసే జమాబందిలో పట్టా మారింది. ఆ ఏడు ఆమె సజ్జ వేసింది, అడుగున కంది. వానలు కుదిరాయి. కోతకు ఊళ్లో సగం మంది పోయారు, నేను సెలవు పెట్టి పోయాను. మా నాయన మాత్రం ఆ వైపు పోలేదు.